రుచి వదిలిన ఊరు

ఎనభైలలో నేను కుప్పంలో పనిచేసినప్పుడు నాకొక వెక్కిరింత పేరుండేది. బస్టాండు పక్క టీకొట్టులోకి అడుగుపెట్టగానే ఎవరో ఒకరు "ఏం తింటిరప్పా ఈ పొద్దు?" అని అడిగేవాళ్ళు. మిగతావాళ్ళు గ్లాసుల్లోకి చూస్తూ నవ్వుకునేవాళ్ళు. క్వారీలో కూలీ కళ్ళు తిరిగి పడ్డాడన్నా, హాస్టల్లో పిల్లలకు సుస్తీ చేసిందన్నా నేను మొదట అడిగే ప్రశ్న అదే కావడం వల్ల వచ్చిన పేరు అది. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని విలేకరికి ఆరు ప్రశ్నలు నేర్పుతారు. ఈ ఏడోది నాకు ఏ సంపాదకుడూ నేర్పలేదు. అంతకు కొన్నేళ్ళ ముందు, పుంగనూరు అవతల ఒక పల్లెలో, ఒక పిండిమర దగ్గర అంటుకుంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు పనికొస్తుందేమోనని ఆ సంగతి రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేను మదనపల్లెలో ఒక దినపత్రికకు విలేకరిని. ఆఫీసంటే ఒక సైకిలు షాపు మీద గది. వార్త రాసి, కవరు అతికించి, సాయంత్రం బస్సు కండక్టరు చేతిలో పెట్టేవాణ్ణి. అవతలి బస్టాండులో మా మనిషి అందుకునేవాడు. బస్సు తప్పితే వార్త తప్పినట్టే. మరీ అవసరమైతే పోస్టాఫీసులో ట్రంకు కాల్ బుక్ చేసుకుని కూర్చోవాలి. లైను కలిసేసరికి వార్త పాతబడేది, నేను కూడా.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పల్లెల్లో కరువు పనులు పెట్టారు. కూలీ కింద గోధుమలు ఇచ్చేవారు. తరాలుగా రాగి సంగటి తిన్న ఊళ్ళకు గోధుమలు మూటల్లో వచ్చిపడితే వాటిని ఏం చేయాలో మొదట ఎవరికీ తోచలేదు. ఉత్త గోధుమపిండితో సంగటి కెలికితే అట్టలు అతికించే బంకలా సాగిందని ఒకామె నాకు చెప్పింది. తర్వాత రాగులూ గోధుమలూ కలిపి ఆడించుకోవడం అలవాటైంది. అలా పిండిమరలకు గిరాకీ పెరిగింది.

పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో మెయిను రోడ్డు దిగి కొంత దూరం నడిస్తే ఆ పల్లె వస్తుంది. ఆ నడిచే దూరానికే రోడ్డు వేస్తున్నారు. పనిలో ఉన్నవాళ్ళకు పిక్కలు పట్టేస్తున్నాయని వార్త బయల్దేరింది. పుంగనూరు టీకొట్లకు వచ్చేసరికి అది "కాళ్ళు లాగేస్తున్నాయి" అయింది. మదనపల్లె చేరేసరికి "కాళ్ళు పడిపోతున్నాయి" అయింది. వార్తలు దిద్దే మా డెస్కు పెద్దమనిషి ఫోన్లో నాతో అన్నది ఇది:

"కేసరి పప్పు అనేది ఒకటుందయ్యా. అది రోజూ తింటే మనిషి కాళ్ళు ఎప్పటికీ లేవవు. ఆ పిండిలో అదే కలిపుంటారు. కలిపిందెవరో కనుక్కో. మొదటి పేజీలో చోటు ఉంచుతాను."

ఆయన గొంతులో వినిపించిన ఉత్సాహం నాకూ కొంత అంటిందని చెప్పాలి. మొదటి పేజీ ఎవరికి చేదు?

వెళ్ళిన రోజు రోడ్డు మీద చూసింది నాకింకా గుర్తుంది. గంపతో మట్టి మోస్తున్న ఒక ఆడమనిషి ఉన్నట్టుండి గంప వదిలేసి కూలబడింది. పిక్క మీద కండ నిమ్మకాయంత ఉండలా మారి గట్టిపడింది. చర్మం కింద అది కదలడం కంటికి కనిపిస్తోంది. పక్కనే పనిచేస్తున్న మనిషి పార పడేసి వచ్చి, ఆమె కాలి వేళ్ళను పట్టుకుని వెనక్కి వంచాడు. కాసేపటికి కండ సడలింది. ఆమె కళ్ళు తుడుచుకుని గంప ఎత్తుకుంది. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఇంకో చోట ఇంకొకరు కూర్చున్నారు.

పని చూస్తున్న ఊరి పెద్దను అందరూ పెద్దప్ప అనేవాళ్ళు. తల మీద తువ్వాలు, నోట్లో పళ్ళు లేవు, మాటకు మాత్రం ఎదురు లేదు.

"ఎన్నాళ్ళుగా ఇట్ల, పెద్దప్పా?" అని అడిగాను.

"పని మొదలుపెట్టినాక కొన్నాళ్ళు బాగానే ఉణ్ణింది సార్. తర్వాత పట్టుకునింది. అంతా ఆ మరలోనే ఉండాది. గోధుమలు గవర్మెంటువి, రాగులు మావి. రెండిట్లో తప్పు లేదు. మధ్యలో ఉండేది మర ఒక్కటే కదా."

లెక్క ఎంత చక్కగా ఉందో చూడండి. అలాంటి లెక్కకు ఎదురు చెప్పడం చాలా కష్టం.

మర నడిపే ఆమెకు నలభై లోపుంటాయి. భర్త బెంగుళూరు లారీల మీద డ్రైవరు, నెలకొకసారి వస్తాడు. ఆయిలు ఇంజనుకు హ్యాండిలు వేసి తిప్పడం దగ్గర్నుంచి మర రాళ్ళకు గాట్లు పెట్టడం దాకా అన్నీ ఆమే. నేను వెళ్ళేసరికి మర ఆగి ఉంది. బెల్టు వదులుగా వేలాడుతోంది. ఊరివాళ్ళు పిండికి పుంగనూరు పోతున్నారు. అంత దూరం పోయి ఆడించుకొచ్చినా పిక్కలు పట్టడం మానలేదు. దానికీ పెద్దప్ప దగ్గర జవాబుంది: పాత పిండి ఇంకా ఒంట్లోనే ఉంది.

శనివారం మధ్యాహ్నం ఊరంతా మర ముందు కూడి, ఇంజను హ్యాండిలు తీసుకుని, తలుపుకు తాళం వేయాలని నిర్ణయమైంది. తాళం పడ్డాక ఆమెకు ఆ ఊళ్ళో పనుండదు, మాట ఉండదు. కలకడ దగ్గర పుట్టింటికి పోవాలి. అక్కడికి కూడా ఈ మాట ఆమెకంటే ముందే చేరుతుంది. పత్రికలో పడితే ఇంకా తొందరగా చేరుతుంది.

నన్ను చూసి ఆమె ఏడవలేదు. గోనెపట్టా దులిపి వేసింది.

"రాసుకో సార్. నా మర పేరు రాసుకో, నా పేరు రాసుకో. ఒక మాట మాత్రం వినిపో. రోడ్డుకు రాళ్ళు కొట్టేకి అరవోళ్ళు వచ్చిండారే, వాళ్ళు నా మరలోనే కదా ఆడించుకుండేది? వాళ్ళు గొర్రె పొట్టేళ్ళ మాదిరి గెంతుతాండారు. వాళ్ళ కాళ్ళు యాల పట్టుకోలేదు?"

"పెద్దప్పతో అనకపోతివా?"

"అంటిని. వాళ్ళ రక్తం వేరే అన్న్యాడు." చీర కాస్త పైకి లాగి పిక్క మీద కట్టిన గుడ్డ చూపింది. "నాకూ పట్టుకుంటాండాది సార్. నా పిండిలో నేనే మందు కలుపుకోని నేనే తింటానా? అదంటే నాటకమాడతాండాది అంటారు."

నేను రాసుకున్నాను. ఆ రెండు మాటల్లో విషయం సగం ఉంది. అప్పుడు నాకు అది కనిపించలేదు. రాళ్ళు కొట్టేవాళ్ళు తమిళ పల్లెల నుంచి వచ్చారు, ఊరి బయట గుడిసెల్లో ఉంటారు, అంతవరకే నాకు తోచింది.

మరునాడు డాక్టరు వచ్చాడు. దగ్గరలోని చిన్న ఆసుపత్రికి కొత్తగా వచ్చినవాడు, కోస్తా వైపు కుర్రవాడు, బుద్ధిమంతుడు. ఆయన వెంట సీసాల పెట్టె మోసుకుంటూ ఆ ఆసుపత్రి కాంపౌండరు, చిత్తూరు మనిషి. డాక్టరు ఓపిగ్గా ప్రతి ఒక్కరి కాలూ నొక్కి చూశాడు. మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూశాడు. కాళ్ళలో బలం తగ్గలేదు, కేసరి పప్పు లక్షణాలు లేవన్నాడు. పిండి పొట్లం కట్టుకుని పరీక్షకు పంపిస్తానన్నాడు. ఫలితం రావడానికి వారాలు పడుతుందని కూడా చెప్పాడు.

తర్వాత పెద్దప్పను అడిగాడు. "తిండి ఎలా తింటున్నారండీ?"

"తింటాండాము సార్. రుచి లేకుండా తింటాండాము."

"ఎప్పటినుంచి రుచి లేదు?"

"అమావాస్య నుంచి. ఊరంతా."

డాక్టరు చీటీ మీద అరుచి అని రాసుకున్నాడు. ఆకలి పుట్టే టానిక్కు ఇవ్వమని కాంపౌండరుకు చెప్పాడు. నేను నా కాగితం మీద "ప్రభుత్వం ఇస్తున్న గోధుమలు రుచీ పచీ లేనివని కూలీలు వాపోతున్నారు" అని రాసుకున్నాను. ఇద్దరం చదువుకున్నవాళ్ళం. ఇద్దరికీ తెలుగు వచ్చు.

శనివారం పొద్దున మర అరుగు మీద కూర్చుని వార్త పూర్తి చేశాను. కల్తీ అని నేను రాయలేదు, అనుమానం అని రాశాను. డెస్కులో అనుమానం అనే మాట ఎంతసేపు బతుకుతుందో నాకు తెలుసు. మధ్యాహ్నం జరగబోయే తాళం సంగతి కూడా కలిపి, కవరు అతికించి, బస్సుకిచ్చి వద్దామని మెయిను రోడ్డు వైపు నడిచాను.

దారిలో ఒక బండ దగ్గర గొర్రెల మంద ఆగి ఉంది. కాసే ఆమె ఒడిలోంచి గళ్ళ ఉప్పు తీసి బండ మీద చల్లుతోంది. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నాకుతున్నాయి. నీడ కోసం ఆగి పలకరించాను.

"ఏమ్మా, ఏం పెడతాండావు?"

"రుచి పెడతాండా సార్."

"రుచేంది? ఉప్పు కదా అది."

ఆమె ఒక్కసారిగా నోటి మీద చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూసింది. "ఆ మాట అనొద్దు సార్. వాన పడేదాకా ఊరంతా మొక్కుకోనుండాము. నోట్లో పెట్టేది లేదు, నోటితో అనేది లేదు. బయటోళ్ళకు చెప్పేది లేదు. చెప్తే ఫలం పోతాది."

"మరి గొర్రెలకు పెడతాండావే?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "గొర్లు మొక్కుకోలేదు కదప్పా."

వానకోసం చప్పిడి తిండి తినే మొక్కు ఉంటుందని నేను విన్నాను. టౌనులో పెరిగినవాణ్ణి, ఆ మొక్కులో ఉప్పును రుచి అంటారని మాత్రం వినలేదు. అమావాస్య నుంచి ఊరంతా రుచి లేకుండా తింటున్నారు. పచ్చడి లేదు, ఊరగాయ లేదు, మజ్జిగలో కూడా ఉప్పు లేదు. ఎండలో రోజంతా మట్టి మోస్తూ, కడవలకొద్దీ ఉత్త నీళ్ళు తాగుతున్నారు. రాళ్ళు కొట్టేవాళ్ళకు ఈ మొక్కు లేదు. వాళ్ళ గుడిసెల దగ్గర ఎండుచేపల వాసన వేస్తుండడం అప్పుడు గుర్తొచ్చింది.

బస్సు వచ్చింది. కండక్టరు అలవాటుగా చెయ్యి చాపాడు.

"కవరు?"

"లేదప్పా."

"జేబులో ఉండాదే."

"ఉండాది. ఇంకా ఉడకలేదు," అని బస్సెక్కాను.

ఆసుపత్రిలో డాక్టరుకు నేను విన్నది చెప్పాను. ఆయన బల్ల మీద చెయ్యి పెట్టి తనలో తాను నవ్వుకున్నాడు. "నేను వాళ్ళకు ఆకలి మందిచ్చానండీ," అన్నాడు. ఓడల్లో బాయిలర్ల దగ్గర బొగ్గు వేసేవాళ్ళకు ఇలా కండలు పట్టేసేవని కాలేజీలో చదువుకున్నాడట. చెమటతో ఉప్పు బయటికి పోతుంది. లోపలికి ఉప్పు రాదు. ఉత్త నీళ్ళు ఎంత తాగితే ఉన్నది అంత పలచబడుతుంది. అప్పుడు ఎక్కువ పని చేసే కండే ముందు బిగుసుకుంటుంది. "ఓడల్లో సంగతి కదా, పుంగనూరులో తట్టలేదు నాకు," అన్నాడు.

ఉప్పు తినమని చెబితే సరిపోతుందని ఆయన అనుకున్నాడు. కాంపౌండరు సీసాలు కడుగుతూనే తల అడ్డంగా ఊపాడు. "మొక్కుకున్నోళ్ళు మీరు చెప్తే తింటారా సార్? ఇంట్లో ముట్టనిదాన్ని కూడా నేను బుడ్డిలో పోసిస్తే గుటగుట తాగతారు. ఆ దారి చూడండి."

మేము ఆసుపత్రి జీపులో మర దగ్గరికి చేరేసరికి హ్యాండిలు పెద్దప్ప చేతిలో ఉంది. తాళం ఇంకొకరి చేతిలో ఉంది. మరామె గుమ్మంలో నిలబడి ఉంది, పక్కకు తప్పుకోవడం లేదు. డాక్టరు జీపు దిగుతూనే అసలు విషయం పేరుతో సహా చెప్పేశాడు. "మీకు ఉప్పు చాలడం లేదు," అన్నాడు. గుంపులో ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు.

"సార్, ఆ మాట వద్దు," అన్నాడు పెద్దప్ప.

"సరే, అననండి. సీసాల్లో మందు తెచ్చాను. నీళ్ళలో కలిపి పనిచేసేవాళ్ళు కొంచెం కొంచెంగా తాగాలి. కానీ అందులో ఉన్నది మీరు వదిలిందే. దాచి మీ చేత తాగించను. ఇష్టమైతేనే తీసుకోండి."

అంత సూటిగా చెబుతాడని నేనూ, కాంపౌండరూ అనుకోలేదు. కాంపౌండరు సీసాల పెట్టె మూసేయబోయాడు. పెద్దప్ప ఒక సీసా తీసి ఎండకు ఎత్తి చూశాడు. దాని మీద మోతాదుకు గాట్లు పెట్టిన కాగితం ముక్క అతికించి ఉంది. కాంపౌండరు కొంచెం ఎర్రరంగు కూడా కలిపాడు. చాలాసేపు చూశాడు పెద్దప్ప.

"సార్, మేము మొక్కుకున్నది దేనికి? తిండికి," అన్నాడు చివరికి, మాకు కాదు, ఊరికి వినపడేట్టు. "మందుకు మొక్కుకోలేదు. డాక్టరు బుడ్డిలో పోసి, చీటీ అతికించి ఇచ్చింది మందు. దాంట్లో ఏముండాదో కనుక్కునేది మన పని కాదు."

"అయితే నా మర?" అంది గుమ్మంలోంచి ఆమె.

తాళం వేయలేదు. హ్యాండిలు మాత్రం పెద్దప్ప తన వెంట తీసుకుపోయాడు. "సూస్తాము," అన్నాడు పోతూ పోతూ.

ఆ తర్వాతి రోజులు నాకు కష్టంగా గడిచాయి. డెస్కు పెద్దమనిషి వార్త ఏదయ్యా అని గదిమాడు. వేరే పత్రికలో "పల్లెలో వింతరోగం" అని పడింది. అదృష్టం, మర మాట అందులో లేదు. డాక్టరు చెప్పింది తప్పయితే, పిండిలో నిజంగా ఏదో ఉంటే, కవరు జేబులో పెట్టుకుని తిరుగుతున్న నేను ఎవరికి జవాబు చెప్పాలి? ఆ మాట రోజూ నన్ను తినేది.

మళ్ళీ పుంగనూరు బస్సెక్కి ఆ మలుపులో దిగాను. కొంత దూరం నడవగానే చప్పుడు వినిపించింది. పిండిమర ఆయిలు ఇంజను పొగగొట్టం మీద బోర్లించిన డబ్బా తుక్కు తుక్కుమనే చప్పుడు, మన ప్రాంతంలో పెరిగినవాళ్ళకు వర్ణించనక్కర్లేదు. నేను రోడ్డు మీదనే నిలబడిపోయాను. అంత తీయటి చప్పుడు నేను వినలేదు.

రోడ్డు పని సాగుతోంది. ఎవరూ పిక్క పట్టుకుని కూర్చోలేదు. మర ముందు మూటలు వరసగా ఉన్నాయి. మొదటి మూట పెద్దప్పది. ఆయనే హ్యాండిలు తెచ్చి ఇచ్చాడట. క్షమించమనడం ఆయన ఎరగడు. మూట విప్పి రాగులూ గోధుమలూ తానే మర నోట్లో పోశాడు.

"ఉండు పెద్దప్పా," అంది ఆమె. "ముందు నీ ఎదురుగా ఒక పిడికెడు నేను తింటాను. సూసుకో."

"యాల?" అన్నాడు పెద్దప్ప ఇంజను చప్పుడుకు మించి అరిచి. "మెత్తగా ఆడించు. నాకు పండ్లు లేవు."

మూడు ఊళ్ళలో ఉద్యోగం చేశాను. అంతకంటే మర్యాదగా తప్పు ఒప్పుకున్న మనిషిని చూడలేదు.

ఇదంతా రాయవచ్చా అని పెద్దప్పను అడిగాను. "వాన పడినాక రాసుకో. ముందు రాస్తే ఫలం పోతాది," అన్నాడు. మాట ఇచ్చాను. వాన పడేసరికి అది వార్త కాకుండా పోయింది. నాలుగో పేజీ అడుగున నాలుగు లైన్లు వచ్చాయి, అందులో ఒక లైను అచ్చుతప్పు. పిండి పరీక్ష ఫలితం ఆ తర్వాత వచ్చింది. పిండిలో పిండే ఉందట.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. పిక్క పట్టినప్పుడల్లా ఉప్పు నాకమని నేను చెప్పడం లేదు. దానికి సవాలక్ష కారణాలుంటాయి. ఒంట్లో నీళ్ళు తక్కువైనా పట్టవచ్చు, తిండిలో ఇంకేదో లోపించినా పట్టవచ్చు, మింగే మాత్రల వల్లా పట్టవచ్చు. ఇప్పుడు నా డాక్టరు రక్తపోటు చూసి ఉప్పు తగ్గించమంటున్నాడు. నేను మట్టి మోయడం లేదు కాబట్టి ఆయన మాట వింటున్నాను. నేను చెప్పేది విలేకరులకు మాత్రమే. ఏం తిన్నారని అడగండి. జవాబు వచ్చాక, ఆ జవాబులో మాటకు అర్థం ఏమిటని కూడా అడగండి. అడగడానికి నామోషీ పడకండి.

వాన పడిన రెండో రోజు ఆ ఊరికి వెళ్ళాను. వేసిన కొత్త రోడ్డు సగం కొట్టుకుపోయింది, ఎవరికీ బాధగా లేదు. మరామె నన్ను భోజనానికి కూర్చోబెట్టింది. రాగీ గోధుమా కలిపిన సంగటి, గోంగూర, పచ్చిమిరపకాయ కారం. రెండు ముద్దలు తిన్నాక అడిగింది.

"రుచి సాలిందా సార్?"

నేను ముద్ద చేతిలోనే ఆపాను. ఈసారి రాసుకునే ముందు అడగాలని నిశ్చయించుకుని ఉన్నాను. "ఏ రుచమ్మా?"

ఆమె గలగలా నవ్వింది. "ఉప్పేనప్పా. ఇంక అనొచ్చు."